ప్రోకోర్ నుంచి టైమ్‌కార్డులు లాగితే గంటలు ఎందుకు తగ్గుతున్నాయి?

మీరు అడిగింది ఇది: హైదరాబాద్‌లో ఉండి, టెక్సస్‌లోని ఒక బిల్డింగ్ కాంట్రాక్టర్ కోసం ప్రోకోర్ (నిర్మాణ కంపెనీలు వాడే సాఫ్ట్‌వేర్) ఏపీఐ నుంచి, అంటే ప్రోగ్రాములు డేటా అడిగి తీసుకునే దారి నుంచి, పనివాళ్ల టైమ్‌కార్డులు (పని గంటల రికార్డులు) తెచ్చి పేరోల్‌కి (జీతాల లెక్కకి) అందించాలి. మొదటిసారి ఒక ప్రాజెక్టును అడిగితే నాలుగు వరుసలే వచ్చాయి. తేదీలు ఇచ్చాక సరిగ్గా 100 వచ్చాయి. కొన్ని ప్రాజెక్టులకు 403 (అనుమతి లేదనే జవాబు) వస్తోంది. ఎలాగోలా అన్నీ కలిపినా మొత్తం గంటలు అక్కడి సూపరింటెండెంట్ స్క్రీన్ మీద కనిపించే లెక్క కంటే తక్కువగానే ఉన్నాయి. పైగా అదే వారాన్ని మర్నాడు మళ్లీ లాగితే అంకె మారిపోతోంది. "ఎర్రర్ లేదు, 200 వస్తోంది, మరి తేడా ఎక్కడ?" అని రాశారు.

తేడా ఒక్క చోట లేదు. నాలుగైదు చోట్ల కొంచెం కొంచెంగా జారిపోతోంది. ఏళ్ల తరబడి ఇదే పనిలో ఉన్నాను కాబట్టి మీరు రాసిన గుర్తులు చూస్తేనే చాలావరకు అర్థమవుతోంది. 200 వచ్చిందంటే మీరు అడిగినదానికి జవాబు వచ్చిందని మాత్రమే అర్థం. మీకు కావలసినవన్నీ అడిగారా లేదా అన్నది దానికి తెలియదు. టైమ్‌కార్డుల విషయంలో ఆ చిన్న తేడా నేరుగా ఒకరి జీతంలో కోతగా మారుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు అసలు ఆ రికార్డు ఏమిటో సరిగ్గా చూడండి. మన సైట్లలో మేస్త్రీ చేతిలో హాజరు పుస్తకం ఉంటుంది కదా, ప్రోకోర్‌లో టైమ్‌షీట్ అలాంటిదే. ఫోర్‌మన్ సాయంత్రం ట్యాబ్ తీసి తన గ్యాంగులో ఎవరెవరు ఏ పని ఎన్ని గంటలు చేశారో ఎక్కిస్తాడు. అందులోని ఒక్కో వరుస ఒక టైమ్‌కార్డ్ ఎంట్రీ. చాలామంది పొరపడేది ఇక్కడే. ఒక మనిషికి ఒక రోజుకి ఒక వరుస ఉంటుందని అనుకుంటారు. నిజానికి ఒక మనిషి, ఒక తేదీ, ఒక కాస్ట్ కోడ్ (ఏ పని అన్నది), ఒక టైమ్ టైప్ (మామూలు గంటలా, ఓవర్‌టైమా అన్నది) కలిస్తే ఒక వరుస. పొద్దున్న 5 గంటలు షట్టరింగ్, మధ్యాహ్నం 3 గంటలు కాంక్రీటు, ఆపైన 2 గంటలు ఓవర్‌టైమ్ చేసినవాడికి ఆ ఒక్క రోజుకే మూడు వరుసలు ఉంటాయి.

ఇది నేను తెలుసుకున్న తీరు ఇప్పటికీ మర్చిపోలేదు. నా మొదటి పేరోల్ ఇంటిగ్రేషన్‌లో పేరు, తేదీ రెండూ కలిసిన వరుసలు రెండోసారి కనిపిస్తే డూప్లికేట్ అనుకుని తీసేసేలా స్క్రిప్ట్ రాశాను. జీతాలు పడిన రోజు సాయంత్రం సైటు నుంచి ఒక ఫొటో వచ్చింది. కడ్డీలు కట్టే ఒకతను తన చిన్న నోటు పుస్తకంలో రోజూ పెన్సిల్‌తో రాసుకున్న లెక్క అది. సోమవారం 5+4, మంగళవారం 6+3, బుధవారం 5+5. నా ఫైలులో అతనికి సోమవారం 5, మంగళవారం 6, బుధవారం 5 ఉన్నాయి. ప్లస్ తర్వాతి అంకెలన్నీ నేనే చెరిపేశాను. మర్నాడు సరిచేసి మిగతా డబ్బు ఇప్పించాం. కానీ అతను ఆ పుస్తకం రాసుకోకపోయి ఉంటే ఆ తప్పు ఎన్ని వారాలు సాగేదో అన్న ఆలోచనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మీ కోడ్‌లో ఎక్కడైనా డూప్లికేట్లు తీసేసే లైను ఉంటే ముందు దాన్ని చూడండి. ఒక ఎంట్రీ ఇంకో ఎంట్రీకి నకలా కాదా అని తేల్చేది దాని ఐడీ ఒక్కటే. పేరు, తేదీ, గంటలు మూడూ ఒకటే అయినా ఐడీ వేరైతే రెండూ ఉంచండి. అనుమానం వస్తే ఫోర్‌మన్‌ని అడగండి. మీరే నిర్ణయించేయకండి.

ఇక మీ నాలుగు వరుసల సంగతి. ప్రాజెక్టు స్థాయిలో టైమ్‌కార్డ్ ఎంట్రీలను తేదీ చెప్పకుండా అడిగితే ప్రోకోర్ ఆ రోజువి మాత్రమే ఇస్తుంది. డైలీ లాగ్‌ల (సైటు రోజువారీ రికార్డుల) పద్ధతే దీనికీ వర్తిస్తుంది. మీరు అడిగే వేళకి అక్కడ ఇద్దరు ముగ్గురే ఎక్కించి ఉంటారు, అందుకే నాలుగు వచ్చాయి. స్టార్ట్_డేట్, ఎండ్_డేట్ రెండూ ప్రతిసారీ ఇవ్వండి. రూపం సంవత్సరం-నెల-తేదీ. మన అలవాటులో తేదీ ముందు రాస్తే ఏ 5 నెలో ఏ 5 తేదీయో తెలియక అవస్థ పడతారు. ఒక్క రోజే కావాలనుకున్నా రెండు చోట్లా అదే తేదీ పెట్టి పంపండి.

సరిగ్గా 100 వచ్చాయన్నారు. ఏ లెక్కలోనైనా గుండ్రటి అంకె వస్తే నాకు వెంటనే అనుమానం వస్తుంది. అది మొదటి పేజీ. పేజ్, పర్_పేజ్ అనే రెండు పారామీటర్లతో (అడిగేటప్పుడు ఇచ్చే విలువలతో) మిగతా పేజీలు అడగాలి. పేజీకి ఎన్ని ఇస్తారన్నది ఒక్కో ఎండ్‌పాయింట్‌కి (డేటా అడిగే చిరునామాకి) ఒక్కోలా ఉంటుంది కాబట్టి 100 అని కోడ్‌లో గట్టిగా రాసేయకండి. జవాబుతో పాటు వచ్చే హెడర్లు (జవాబు గురించిన అదనపు వివరాలు) చదవండి. టోటల్ అనే హెడర్‌లో మొత్తం ఎన్ని ఉన్నాయో ఉంటుంది. లింక్ అనే హెడర్‌లో తర్వాతి పేజీ చిరునామా ఉంటుంది. తర్వాతి పేజీ లేదని లింక్ చెప్పేవరకూ తిరగండి. తిరగడం అయ్యాక మీ దగ్గరున్న వేర్వేరు ఐడీల సంఖ్యని టోటల్‌తో పోల్చండి. ఒక్కటి తగ్గినా ఆ ఫైలు ముందుకు కదలకూడదు.

ఇందులోనే ఇంకో చిక్కు ఉంది. మీరు రెండో పేజీ చదువుతుండగా అక్కడ ఎవరో ఒక ఎంట్రీ తీసేశారనుకోండి. వెనకవన్నీ ఒక మెట్టు ముందుకు జరుగుతాయి, మూడో పేజీ మొదట్లో ఉండాల్సిన వరుస రెండో పేజీ చివరికి వెళ్లిపోతుంది, మీకు అసలు కనిపించదు. అందుకే నేను వారం మొత్తాన్ని ఒకేసారి అడగను. రోజుకొక పిలుపు (ఏపీఐని ఒకసారి అడగడం) పెడతాను. రోజుకి పేజీలు తక్కువ, జారే అవకాశమూ తక్కువ. పైగా తేడా వస్తే ఆ ఒక్క రోజునే మళ్లీ లాగితే సరిపోతుంది.

పిలుపులు ఎక్కువైపోతాయని టెన్షన్ వద్దు. ప్రోకోర్‌లో మామూలు హద్దు గంటకు 3,600 పిలుపులు. 60 ప్రాజెక్టులు, 14 రోజులు అనుకున్నా 840. కాకపోతే అన్నీ ఒక్క నిమిషంలో గుప్పిస్తే 429 (పిలుపులు మరీ ఎక్కువయ్యాయనే జవాబు) వస్తుంది. అప్పుడు ఎంతసేపు ఆగాలో హెడర్లోనే చెబుతుంది, అంతసేపు ఆగి మళ్లీ అడగండి. 429 వచ్చిన పేజీని ఖాళీ పేజీగా లెక్కేసి ముందుకు వెళ్లిపోయే కోడ్ నేను ఒకటి కంటే ఎక్కువసార్లు చూశాను. అది దొంగదెబ్బ లాంటిది, ఎక్కడా ఎర్రర్ కనిపించదు, గంటలు మాత్రం పోతాయి.

403 సంగతి మీ చేతిలో లేదు, అక్కడి అడ్మిన్ చేతిలో ఉంది. 401 వస్తే టోకెన్ (మీ ప్రోగ్రాముకి ఇచ్చిన తాత్కాలిక గుర్తింపు) పాడైందనో గడువు అయిపోయిందనో అర్థం. టోకెన్ ఇచ్చినప్పుడే దాని గడువు సెకన్లలో చెబుతారు, అది చదివి ముందే కొత్తది తీసుకోండి. 403 అంటే మీరెవరో దానికి తెలుసు, ఆ గది తాళం మాత్రం మీ దగ్గర లేదు. మీదిలా మనిషి లాగిన్ లేకుండా తనంతట తానే నడిచే జాబ్‌కి (ప్రోగ్రాముకి) డెవలపర్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్ (మనిషికి కాక యాప్‌కి ఇచ్చే ఖాతా), క్లయింట్ క్రెడెన్షియల్స్ పద్ధతి (యాప్ తన సొంత ఐడీ, రహస్య తాళంతో టోకెన్ తీసుకోవడం) సరైనది. కంపెనీ అడ్మిన్ ఆ యాప్‌ని ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏయే ప్రాజెక్టులకు అనుమతి ఉండాలో ఎంచుకుంటారు. ఎంచుకోని ప్రాజెక్టు మీకు తెరుచుకోదు. కాబట్టి అడ్మిన్‌కి "403 వస్తోంది" అని రాసి ఊరుకోకుండా, ఏ ప్రాజెక్టు నంబర్లకు వస్తోందో, టైమ్‌షీట్లు చదివే అనుమతి కావాలనీ స్పష్టంగా రాయండి. కొత్త సైటు మొదలైనప్పుడల్లా ఈ జాబితా ఎవరు చూస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. కొత్త సైటులో మొదటి వారం పనిచేసినవాళ్ల గంటలు పోయేది సాధారణంగా ఇలాగే. పిలుపులో ప్రోకోర్-కంపెనీ-ఐడీ హెడర్ పెట్టడం మర్చిపోకండి. శాండ్‌బాక్స్‌కీ (పరీక్షలకి వాడే నకలు వ్యవస్థకీ) అసలుదానికీ తాళాలు వేరు అన్నదీ గుర్తుంచుకోండి.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే విషయానికి వస్తాను. మీరు ప్రాజెక్టు ప్రాజెక్టుకీ విడిగా లాగి, ప్రాజెక్టు ప్రాజెక్టుకీ విడిగా ఫైలు పంపుతున్నారు. అలా చేయకండి. అమెరికాలో 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం ప్రకారం వారానికి 40 గంటలు దాటిన పనికి ఒకటిన్నర రెట్లు ఇవ్వాలి. ఆ 40 లెక్క మనిషిది, ప్రాజెక్టుతో సంబంధం లేదు. ఒక వడ్రంగి సోమ, మంగళ, బుధవారాల్లో డాలస్ సైటులో 24 గంటలు, గురు, శుక్రవారాల్లో ఫోర్ట్ వర్త్ సైటులో 20 గంటలు చేశాడనుకోండి. రెండు ఫైళ్లలో చూస్తే రెండూ 40 లోపే. కలిపితే 44. ఆ 4 గంటలకి రావలసిన అదనపు సగం డబ్బు ఎవరికీ తెలియకుండా పోతుంది. కంపెనీ స్థాయిలో కూడా ఒక టైమ్‌కార్డ్ ఎంట్రీల ఎండ్‌పాయింట్ ఉంది. చిరునామాలో ప్రాజెక్టులకు బదులు కంపెనీలు, కంపెనీ ఐడీ వస్తాయి, అక్కడా తేదీలు ఇచ్చి అడగండి. అది తెచ్చి, మనిషి వారీగా కలిపి, ఆ తర్వాతే ఓవర్‌టైమ్ చూడండి. ప్రాజెక్టు స్థాయి పిలుపుని సరిచూసుకోవడానికి వాడుకోండి.

ఓవర్‌టైమ్ గంటలకు ఫోర్‌మన్ ఎంచుకున్న టైమ్ టైప్‌ని గుడ్డిగా నమ్మకండి. సాయంత్రం ఆరున్నరకి, అలసిపోయి, ఇరవై మందికి ఒకేసారి 'రెగ్యులర్' అని కొట్టేసి ఇంటికి వెళ్లే మనిషి అతను. పక్క సైటులో ఆ పనివాడు ఎన్ని గంటలు చేశాడో అతనికి తెలియదు. లెక్క పేరోల్‌లో తేలాలి. టెక్సస్‌లో ప్రైవేటు కంపెనీలకు ఫెడరల్ నియమమే వర్తిస్తుంది. రేపు ఈ కాంట్రాక్టర్ కాలిఫోర్నియాలో పని తీసుకుంటే రోజుకి 8 గంటలు దాటినా ఒకటిన్నర, 12 దాటితే రెట్టింపు. అందుకే రోజువారీ వరుసల్ని వారం మొత్తంగా కుదించి దాచకండి. విడివిడిగానే ఉంచండి.

మనుషుల్ని పేరుతో కలపకండి. ఆ సైట్లలో ఒకే పేరు ఉన్నవాళ్లు ఇద్దరు ముగ్గురు ఉండటం మామూలే. ఎంట్రీలో పార్టీ అనే భాగంలో ఆ వ్యక్తి ఐడీ ఉంటుంది. దాన్ని కంపెనీ డైరెక్టరీతో కలిపి ఎంప్లాయీ ఐడీ పట్టుకోవాలి. ఇక్కడ ఒక విషయం. చాలామంది పనివాళ్లకు ప్రోకోర్ లాగిన్ ఉండదు, ఈమెయిల్ కూడా ఇవ్వరు. వాళ్ల తరఫున ఫోర్‌మనే ఎక్కిస్తాడు. మీరు లాగిన్ ఉన్న యూజర్ల జాబితాతో కలిపితే వీళ్లెవరూ దొరకరు, జాయిన్‌లో (రెండు పట్టికల్ని కలపడంలో) రాలిపోతారు. ఇన్నర్ జాయిన్ (రెండు పట్టికల్లోనూ ఉన్నవాటినే ఉంచేది) వేసి ఉంటే మీ గంటలు తగ్గడానికి అదే పెద్ద కారణం కావచ్చు. పీపుల్ జాబితా తెచ్చుకోండి, అందులో లాగిన్ లేనివాళ్లూ ఉంటారు. డైరెక్టరీలో దొరకని ఎంట్రీని కూడా వదిలేయకుండా పక్కన ఒక పట్టికలో పెట్టి పేరోల్ ఆవిడకో ఆయనకో పంపండి.

గంటల ఫీల్డు కొన్నిసార్లు అక్షరాల రూపంలో వస్తుంది, డెసిమల్‌గా మార్చుకోండి. ఆ కంపెనీ మొత్తం గంటలు ఎక్కించే పద్ధతిలో ఉందా, మొదలు-ముగింపు వేళలు ఎక్కించే పద్ధతిలో ఉందా అన్నది అక్కడి సెట్టింగ్. భోజన విరామం నిమిషాల్లో వస్తుంది. వేళలు తీసివేసి మీరే గంటలు లెక్కగట్టి, దాంట్లోంచి భోజనం తీసి, మళ్లీ గంటల ఫీల్డుతో కలిపేస్తే లెక్క గందరగోళమే. గంటల ఫీల్డునే తీసుకోండి, వేళల్ని సరిచూసుకోవడానికి ఉంచుకోండి.

తేదీల విషయంలో హైదరాబాద్ నుంచి పనిచేసేవాళ్లకు రెండు గుంటలు ఉన్నాయి. ఒకటి, వేళలు యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో) వస్తాయి. వేసవిలో డాలస్‌లో ఆదివారం రాత్రి 7 అంటే యూటీసీలో సోమవారం సున్నా గంటలు. ఆ వేళలోంచి తేదీ తీసుకుంటే ఆదివారం రాత్రి షిఫ్ట్ తర్వాతి వారంలోకి దూకేస్తుంది. ఓవర్‌టైమ్ వారం అంటే వరుసగా 168 గంటలు, ఎప్పుడు మొదలవుతుందో కంపెనీ ముందే నిర్ణయించి ఉంటుంది. అందులోంచి ఒక షిఫ్ట్ జారితే రెండు వారాల లెక్కా తప్పుతుంది. ఎంట్రీలో డేట్ అనే ఫీల్డు విడిగా ఉంది, వారం లెక్కకి అదే వాడండి. రెండోది, మీ సర్వర్ గడియారం. మీ జాబ్ ఉదయం 6 గంటలకు నడుస్తుందని రాశారు. మంగళవారం ఉదయం 6 అంటే అక్కడ వేసవిలో సోమవారం సాయంత్రం ఏడున్నర, చలికాలంలో ఆరున్నర. మీ జాబ్ సోమవారం ముగిసిందనుకుని లాగేస్తోంది, ఫోర్‌మన్ ఇంకా అన్నీ ఎక్కించి ఉండకపోవచ్చు. జాబ్‌ని మన మధ్యాహ్నం తర్వాతకి జరపండి. 'నిన్న' అనే మాటని టెక్సస్ టైమ్‌జోన్‌తో లెక్కగట్టండి.

మర్నాటికి అంకె మారడంలో ఆశ్చర్యం లేదు. ఎంట్రీ పెండింగ్‌లో మొదలై, రివ్యూడ్, అప్రూవ్డ్, కంప్లీటెడ్ వరకూ నడుస్తుంది. పెండింగ్‌లో ఉన్నది రేపు మారుతుంది, మారాలి కూడా. జీతానికి అప్రూవ్ అయినవే పంపండి. కానీ లాగేటప్పుడు అన్ని స్థితులవీ లాగండి. అప్రూవ్ కాని గంటలు ఎవరివి, ఎన్ని అన్న జాబితా జీతం లెక్క మూసేముందు సూపరింటెండెంట్ చేతిలో ఉండాలి. లేకపోతే ఫోర్‌మన్ నొక్కని ఒక్క బటన్‌కి గ్యాంగు మొత్తం జీతం ఆగుతుంది. అప్రూవ్ అయినదాన్ని కూడా అనుమతి ఉన్నవాళ్లు తర్వాత సరిచేయవచ్చు. కాబట్టి రోజూ గత రెండు వారాలూ మళ్లీ లాగి, ఐడీ ఆధారంగా పాతదాన్ని కొత్తదానితో సరిచేయండి. పాత విలువని చెరపకుండా మరో పట్టికలో దాచండి. నిన్న ఉండి ఈరోజు రాని ఐడీ కనిపిస్తే అది అక్కడ తొలగించినది కావచ్చు, లేదా మీ అనుమతి పోయి ఉండవచ్చు. ఆ రెండిట్లో ఏది అన్నది తేలేవరకూ మీ దగ్గర తీసేయకండి. వెబ్‌హుక్‌లు (మార్పు జరగగానే ప్రోకోరే పంపే కబుర్లు) పెట్టుకోవచ్చు, కానీ వాటి మీదే ఆధారపడకండి. ఒక్కటి తప్పిపోయినా ఎవరూ చెప్పరు.

పంపే ముందు సరిచూడటం గురించి. అక్కడివాళ్లని అదే వారానికి టైమ్‌షీట్ రిపోర్టు స్క్రీన్ మీద తీసి, ప్రాజెక్టు వారీగా మొత్తం గంటలు పంపమనండి. మీ లెక్క పక్కన పెట్టండి. తేడా ఉంటే ప్రాజెక్టు నుంచి రోజుకి, రోజు నుంచి మనిషికి దిగండి. పావుగంటలో దొరుకుతుంది. అర్ధగంటే కదా అని సర్దేయకండి. నా అనుభవంలో అర్ధగంట తేడా వెనక తరచుగా పెద్ద తప్పే ఉంటుంది. ఈ కాంట్రాక్టర్ ప్రభుత్వ పనులు చేస్తున్నారేమో కూడా అడగండి. 2,000 డాలర్లు దాటిన ఫెడరల్ నిర్మాణ కాంట్రాక్టులకు 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం వర్తిస్తుంది. ఎవరు ఏ తరగతి పని ఎన్ని గంటలు చేశారో వారం వారం సంతకం పెట్టి పంపాలి. ఒకే మనిషి 5 గంటలు వడ్రంగం, 3 గంటలు మామూలు కూలి చేస్తే రెండు రేట్లు, రెండు వరుసలు. ఆ వరుసల్ని మీరు కలిపేస్తే ఆ కాగితం మీద సంతకం పెట్టే మనిషి ఇరుక్కుంటారు. లాగిన ముడి జవాబుల్ని కూడా దాచండి. ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం నియమాల ప్రకారం పేరోల్ రికార్డులు కనీసం 3 ఏళ్లు, జీతం లెక్కకి ఆధారమైన టైమ్‌కార్డులు కనీసం 2 ఏళ్లు ఉంచాలి. అయితే ఆ ఫైళ్లని వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో తిప్పకండి, అందులో మనుషుల పేర్లు, రోజువారీ కదలికలు ఉంటాయి.

ఈరోజు మీరు చేయాల్సింది చిన్నదే. గతవారంలోని ఒక్క బుధవారాన్ని, ఒక్క ప్రాజెక్టుని తీసుకోండి. అన్ని పేజీలూ లాగి, టోటల్ హెడర్‌లోని అంకె, మీ దగ్గరున్న వేర్వేరు ఐడీల సంఖ్య, డైరెక్టరీతో కలిపాక మిగిలిన వరుసల సంఖ్య పక్కపక్కన రాయండి. మొదటి రెండూ కలవకపోతే తప్పు పేజీల్లో ఉంది. రెండోదానికీ మూడోదానికీ తేడా ఉంటే జాయిన్‌లో ఉంది. మూడూ ఒకటే అయి కూడా స్క్రీన్ మీద గంటలు ఎక్కువ కనిపిస్తుంటే ఆ మూడు అంకెలూ నాకు రాయండి, అక్కడి నుంచి కలిసి చూద్దాం.